మావయ్య ఆఖరి వేషం

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్ళలో మా పెద మావయ్యంత అలిసిపోయిన మనిషిని నేను చూడలేదు. కలకత్తా బండి దిగి, ఇనప్పెట్టె కూలీ చేత మోయించుకుని బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టరుకి వచ్చాడు. వరండాలో నులకమంచం మీద వాలినవాడు అన్నానికి తప్ప లేచేవాడు కాదు.

ఆయన మా అమ్మకి అన్న. విజయనగరం, బొబ్బిలి వైపు నాటక కంపెనీల్లో ఆడవేషాలకి పేరు మోసినవాడు. ఆయన పద్యం ఎత్తుకుంటే పందిరి బయట బళ్ళ కింద పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చునేవారట. తరవాత టాకీలు వచ్చాయి. కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తెలుగు టాకీలు కలకత్తాలో తీస్తున్నారంటే అక్కడికి వెళ్ళాడు. ఆడవేషాలకి ఆడవాళ్ళే వచ్చేశారు కాబట్టి ఈయనకి గడ్డం అంటించి ఋషుల గుంపులో నిలబెట్టారు. చెప్పడానికి ఒక్క మాట ఇచ్చి, మైకు ముందు అంత గొంతు వద్దయ్యా, పక్కనున్నవాడితో చెప్పినట్టు చెప్పు అన్నారట. జీవితమంతా పెంచుకున్న గొంతుని తగ్గించుకోవడం నేర్చుకునేసరికి ఆ పని కూడా పోయింది. ఇదంతా నాన్నతో చెప్తుంటే విన్నాను. ఎవరిమీదా కోపం లేకుండా, ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు.

మా ఇల్లూ అప్పుడు అలాగే ఉంది. ఆ వానాకాలంలోనే రెండేళ్ళ మా తమ్ముడు జ్వరమొచ్చి పోయాడు. అమ్మ ఏడవలేదు. మర్నాడే పొయ్యి రాజేసి నాన్నకి డ్యూటీ క్యారేజీ కట్టింది. వండేది, తోమేది, పిలిస్తే పలికేది. పక్క క్వార్టరు మామ్మ రోజూ వచ్చి, ఏడిస్తే తేలికవుద్దే అమ్మా అని బతిమాలేది. అమ్మ ఆవిడకి పీట వేసి తన పనిలోకి పోయేది.

మావయ్య వచ్చాడని తెలిసి కాలనీలో తెలుగువాళ్ళంతా కట్టకట్టుకుని వచ్చారు. రైల్వే ఇనిస్టిట్యూట్ హాల్లో నాటకం వేద్దాం, ఒక్కసారి మీ పద్యాలు వినిపించండి మాస్టారూ అన్నారు.

"నావల్ల కాదు బాబూ. ఆ వేషాల పెట్టి మూత తియ్యడానికే ఓపిక లేదు" అన్నాడు మావయ్య.

ఒక సాయంత్రం అమ్మ పాలు కాచి, నాకు పోసి, అలవాటుగా తమ్ముడి గిన్నెలో కూడా పోసింది. చూసుకుంది. ఆ పాలు మళ్ళీ తపేలాలో వంపేసి గిన్నె కడిగి బోర్లించింది. మొహంలో ఏ మార్పూ లేదు. మంచం మీంచి మావయ్య అంతా చూశాడు. కాసేపటికి లేచి, చెప్పులు తొడుక్కుని, తనంతట తనే ఇనిస్టిట్యూట్‌కి వెళ్ళాడు. బిడ్డని పోగొట్టుకున్న రాణి కథ వేస్తానని, బిడ్డ వేషానికి తన మేనకోడలు ఉందని చెప్పి వచ్చాడు.

నాన్నకి కోపం వచ్చింది. "ఇంట్లో ఇలాగుంటే ఇప్పుడా కథేటి బావా?"

"ఈ ఒక్కసారికీ నన్నొగ్గీ బావా, అడ్డు సెప్పకు" అన్నాడు మావయ్య.

రాత్రి డ్యూటీ వాళ్ళకి కూడా కుదరాలని ఆదివారం మధ్యాహ్నమే నాటకం పెట్టారు. అమ్మని మామ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆడవాళ్ళ ముందు వరసలో కూర్చోబెట్టింది. నాకు మగపిల్లాడిలా తలపాగా చుట్టి స్టేజీ మీద పడుకోబెట్టారు. కళ్ళు మూసుకుని కదలకుండా ఉండడమే నా పని.

తెల్లచీరలో మావయ్య వచ్చాడు. పద్యం కోసం జనమంతా నిశ్శబ్దమైపోయారు. హార్మోనియం శృతి ఇచ్చింది. ఆయన అందుకోలేదు. మళ్ళీ ఇచ్చింది. ఆయన నన్ను ఒళ్ళోకి తీసుకుని, పక్కనున్నవాళ్ళతో చెప్పినట్టు, మా వైపు ఇల్లాలి మాటల్లో మొదలుపెట్టాడు.

"లే బాబూ. పొద్దెక్కిపోనాది. పాలు కాసినాను, సల్లారిపోతన్నాయి. లే నాన్నా, ఒక్క గుక్క తాగీసి మళ్ళీ తొంగుందువు గాని..."

వెనక వరసల్లోవాళ్ళు "గట్టిగా, గట్టిగా" అని అరిచారు. పద్యం, పద్యం అన్నారు. ఎవరో ఈల వేశారు. మావయ్య గొంతు పెంచలేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక అరుపు వినబడింది. కళ్ళు మూసుకునే ఉన్నా అది అమ్మదని తెలిసింది. లేవబోయాను. మావయ్య అరచెయ్యి నా గుండెల మీద ఆనింది.

"ఉండే గుంటా. ఏడవనీ."

పద్యం లేకుండానే తెర పడింది. మాస్టారి గొంతు పోయిందని జనం గొణుక్కుంటూ వెళ్ళారు. ఒకాయన మొహం మీదే అడిగాడు. మావయ్య రంగు తుడుచుకుంటూ, అవును బాబూ, పోనాది అన్నాడు.

అమ్మ మూడు రోజులు ఏడ్చింది. తరవాత నాకు జడ వేస్తూ ఆయన్ని అడిగింది, గొంతు బాగానే ఉంది కదా, ఎందుకు పాడలేదు అన్నయ్యా అని.

"పాడితే సప్పట్లు కొడతారే అమ్మీ. ఆ సందట్లో ఏడ్డానికి నీకు సోటేదీ?"

ఆ వారమే ఆయన ఊరు వెళ్ళిపోయాడు. మళ్ళీ మొహానికి రంగు వేసుకోలేదు. గొంతు పోయిన నటుడనే పేరే బిలాస్‌పూర్‌లో మిగిలింది.

ఇప్పటికీ ఎవరింట్లో ఎవరు పోయినా నేను వెళ్తాను. ధైర్యం చెప్పడం నాకు రాదు. పక్కన కూర్చుని, వాళ్ళకి మాత్రమే వినబడేలా, ఏటి ఇష్టంగా తినేవాడమ్మా, అని అడుగుతాను.