పక్కింట్లో పెట్టిన సంచి

వైజాగ్ టికెట్లు మంగళవారానికే దొరికాయి. మంగళవారం ప్రయాణమంటే అమ్మ ససేమిరా అంటుంది. అప్పటికే ఒకసారి నా కిరాణా కొట్టు వల్ల, ఒకసారి పాప పరీక్షల వల్ల ప్రయాణం ఆగిపోయింది. మళ్లీ ఆగితే ఇక లాభం లేదని నాకూ మా ఆవిడకూ తెలుసు. అమ్మకు చూపు పక్కల నుంచి మూసుకుపోతోందని, పోయింది తిరిగి రాదని నంద్యాల డాక్టరు మా ఇద్దరికే చెప్పాడు. ఆమె సముద్రం ఎప్పుడూ చూడలేదు. డాక్టరు చెప్పింది ఆమెకు తెలియనివ్వకుండా, సరదా ప్రయాణంలాగే జాబితా రాశాం: బీచ్, కైలాసగిరి, అరకు, బొర్రా గుహలు.

"గుహలు చూసేకి అంత దూరమెందుకప్పా? కొలిమిగుండ్ల కాడ బెలూం లేదా?" అని అమ్మ ఒకటి కొట్టేయించింది.

మంగళవారానికి ఆమె దగ్గర విరుగుడు ఉంది. సోమవారం మంచి వేళ చూసి, సంచిలో ఒక చీర, పిడికెడు బియ్యం పెట్టి పక్కింట్లో ఉంచింది. దీన్ని పరస్థానం అంటారు. సంచి గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే. మర్నాడు వెళ్తూ వెళ్తూ తీసుకోవాలి. పక్కింట్లో ఉండేది దర్జీ కుటుంబం, ఆ ఇంటావిడను మేమంతా చాచీ అంటాం. మా సంచులు ఆమె ఇంట్లో నిద్ర చేయడం కొత్తేమీ కాదు.

మంగళవారం మధ్యాహ్నం ఆళ్లగడ్డలో మా ఇంటి ముందుకు కారు వచ్చింది. నంద్యాలలో రైలుకు రెండు గంటలు కూడా లేవు. చూస్తే చాచీ ఇంటికి తాళం. శిరివెళ్లలో బంధువులెవరో పోయారని పొద్దున్నే ఇంటిల్లిపాదీ వెళ్లారట. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

"ఒక్క చీర కోసం రైలు పోగొట్టుకుందామా? కారెక్కమ్మా!"

"అది లేకుండా నేను రాను. మీరు పోండి."

ఒళ్లు మండిపోయింది. "నీ చాదస్తంతో మమ్మల్ని చంపుతాండావ్!" అని వీధంతా వినేలా అరిచాను. అమ్మ అరుగు మీద కూర్చుంది. పాప ఏడుపు అందుకుంది. డ్రైవరు మాటిమాటికీ టైము చూసుకుంటున్నాడు.

ఎన్నోసారికో చాచీ ఫోన్ ఎత్తింది. తాళంచెవి కోసం శిరివెళ్ల వచ్చిపోతే రైలు దక్కదని చెప్పాను.

"తాళం పగలగొట్టప్పా. తాళమైతే ఇంకోటి కొంటాం, మీ అమ్మ కండ్లు యాడ కొనుక్కొస్తావ్? చూపుండంగానే సముద్రం చూడల్ల, ఈసారన్నా అడ్డం రాకూడదు అని నిన్న నా కాడ ఎంత ఏడ్చిందో!"

మేం దాచామనుకున్నది అమ్మకు ముందే తెలుసు. తన చూపు సంగతి తనకు తెలియదా? ఆమెను అంత మాట అన్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

కొట్లోంచి ఐదు కిలోల తూకపు రాయి తెచ్చి, నాలుగు దెబ్బలకు తాళం ఊడగొట్టాను. సంచి తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాను. ఆమె దాన్ని పట్టుకుని కారెక్కింది.

"బేగా పోనీ నాయనా," అంది ఆమె డ్రైవరుతో.

రైలు అందింది. కిటికీ పక్క సీటు ఎప్పుడూ పాపకే వదిలేసే అమ్మ, ఆ రోజు అడిగి మరీ తాను తీసుకుంది. చీకటి పడేదాకా బయటికే చూస్తూ కూర్చుంది.