మిరపకాయల దారిలో కిందికి దించిన కారు

ఈరోజు పొద్దున షాపులో అబద్ధం చెప్పాను. కారుకు కొత్త షాక్ అబ్జార్బర్లు చూస్తుంటే గుంటూరు మెకానిక్ అడిగాడు. "బండి ఎక్కువ ఏ రోడ్డు మీద తిరుగుద్ది సార్? పక్కన ఎవరన్నా కూర్చుంటారా?"

"హైవే మీదే. నేనొక్కణ్ణే," అన్నాను.

పక్కన రోజూ కూర్చునేది నా భార్య. ప్రత్తిపాడు అవతల ఒక పల్లెలో టీచరు. నడుముకు ఆపరేషనై, ఈమధ్యే మళ్లీ బడికి వెళుతోంది. కుదుపులు పడకుండా ఉంటేనే వెళ్లమన్నాడు డాక్టరు. లేకపోతే మళ్లీ మంచం మీదే.

చూడ్డానికి బాగుంటుందని నా చిన్న కారుకు పొట్టి స్ప్రింగులు వేయించి నేలకు దించాను. పాత షాకులు ఆ దెబ్బకు ఆగలేక టపటప కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మెకానిక్ చూపించిన కొత్త రకానికి పైన మర ఉంది. అది తిప్పితే గట్టిపడతాయి, మెత్తబడతాయి. ఎత్తు కూడా మార్చుకోవచ్చు. నిజం చెబితే కారు పైకి లేపమంటాడు. ఆ మాట వినడం ఇష్టం లేక అలా చెప్పాను. అతను నా మాట నమ్మి, కారును కిందనే ఉంచి, షాకుల్ని గట్టిగా బిగించాడు.

సాయంత్రం బడి దగ్గర నా భార్యను ఎక్కించుకుని ఇంటికి బయలుదేరాను. ఇది మిర్చి కాలం. సగం రోడ్డు మీద కాయలు ఆరబోసి ఉంటాయి. వాటి మీదికి ఎవరూ బండి ఎక్కించరు. రెండు చక్రాలు తారు దిగి మట్టిలోకి పోవాల్సిందే. దిగినప్పుడల్లా ఒక దెబ్బ, ఎక్కినప్పుడల్లా ఇంకొకటి. ఆమె తలుపు పైనున్న పిడి రెండు చేతులా పట్టుకుని సీటుకు ఆనకుండా కూర్చుంది. నేను చూశాను. అయినా ఆపలేదు. చివరికి కారు అడుగు తారు అంచుకు గీరుకుని ఆగింది.

కాయలు తిరగేస్తున్న ఒకామె నవ్వింది. "ఏందయ్యో, ఆ కారు పాకుతా ఉందే! కొన్నప్పుడు చక్రాలు పెట్టలేదా?" కిందికి దిగిన నా భార్య ముఖం చూసి నవ్వు ఆపేసింది. "నడుం పట్టుకుందా అమ్మా? కూకో, కూకో."

"నేను ఆటోలో వస్తాలెండి. మీరు వెళ్లండి," అంది నా భార్య. ఆ గొంతులో కోపం లేదు. ఓపికా లేదు.

అటుగా వచ్చిన ఆటోలో ఆమెను ఎక్కించి, అది కదిలాక తిన్నగా షాపుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ముందే చెప్తే పోయేది కదా సార్," అన్నాడు మెకానిక్, జాకీ తెస్తూ.

పొట్టి స్ప్రింగులు తీయించి మామూలువి వేయించాను. కారు కంపెనీ ఎత్తుకు లేచింది, నాకు అందవికారంగా కనిపించింది. అతన్ని నడపమని నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. ఊరి చివర కాయలు ఆరబోసిన దారిలో తిప్పి, దెబ్బ తగిలిన చోటల్లా ఆపించి, షాకుల్ని ఇంకాస్త మెత్తగా చేయించాను. పైకి లేపాక కూడా ఇంత కుదుపుంటే, ఆమె రోజూ ఎంత భరించిందో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి షాపులో అన్న మాటతో సహా ఆమెకు చెప్పాను. వేడినీళ్ల సంచి నడుము కింద పెట్టుకుని పడుకుని ఉంది.

"సరేలెండి. రేపటికి మాత్రం ఆటోనే. ఆ ఆటో అబ్బాయి గుంట కనబడితే ఆపుతాడు."

ఆమె దగ్గర నంబరు తీసుకుని నేనే అతనికి ఫోన్ చేసి పొద్దున రమ్మన్నాను. నెమ్మదిగా తీసుకెళ్లమన్నాను.