ఢిల్లీ సభలో మా పంట బోదె

నేను పిరికిదాన్ని కాదు. పిరికిదైతే కాన్పుల గదిలో నర్సు ఒక్క పూట నిలబడలేదు. నాకు నోరెక్కువనీ, డాక్టర్లకే ఎదురు చెబుతాననీ మా ఆసుపత్రిలో పేరుంది. అలాంటిది, టీవీలో ఒకావిడ మాట్లాడుతుంటే మా ఇంట్లో కుర్చీలో కూర్చున్నదాన్ని చెమటతో తడిసిపోయాను. ఆవిడ మాట్లాడుతున్నది నా గురించి.

మాది రాయచూరు జిల్లాలో కాలువ కింద ఒక క్యాంపు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి వేసుకున్నాం. ఇన్నేళ్ళయినా మా ఊళ్ళని క్యాంపులనే అంటారు. మా మూడెకరాలు బోదెకి చిట్టచివర ఉన్నాయి. బోదె అంటే కాలువ నుంచి చేలకి నీళ్ళు తెచ్చే చిన్న పాయ. అది మా చేలోకి రావాలంటే పై చేను దాటి రావాల్సిందే. ఆ పై చేను ఆయన్ని నేను బాబాయ్ అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకున్నాం.

మొన్న సంక్రాంతి వెళ్ళాక ఆయన పెద్దకోడలికి మా ఆసుపత్రిలో కాన్పయింది. బిడ్డ క్షేమంగా పుట్టాడు, కానీ తల్లికి నెత్తురు ఆగలేదు. నాకు తెలిసిందంతా చేశాను. ఎక్కించడానికి మా దగ్గర రక్తం లేదు. రాయచూరు తీసుకెళ్ళమని డాక్టరు రాసిచ్చారు. అంబులెన్సు గేటు దాటకముందే ఆ పిల్ల పోయింది. ఆ మాట నా నోటితో చెప్పాల్సి వచ్చింది. చెప్పగానే బాబాయ్ నన్ను పట్టుకుని తలుపుకేసి కొట్టాడు. నా మణికట్టు విరిగింది.

క్యాంపు పెద్దలు రాజీ చేశారు. కేసు వద్దన్నారు, సరేనన్నాను. మెట్ల మీద జారిపడ్డానని ఆసుపత్రిలో చెప్పాను. పెద్దల మీద గౌరవంతో ఒప్పుకున్నాననుకుంటే పొరపాటే. రెండో పంట ఊడ్పులు అప్పుడే అయ్యాయి. ఆయన బోదెకి అడ్డంగా నాలుగు పారల మట్టి వేస్తే మా చేను నెర్రెలు తీస్తుంది. నేను ఒప్పుకున్నది ఆ నాలుగు పారల మట్టికి భయపడి.

ఆ రోజుల్లోనే మా జిల్లా నుంచి రాజ్యసభకి వెళ్ళినావిడ ఆసుపత్రి చూడ్డానికి వచ్చింది. రాయచూరు బజారులో కొట్టున్న వాళ్ళ ఆడపడుచు, అక్కడి కోర్టులో చాలా ఏళ్ళు వకీలుగా చేసింది. ఆసుపత్రుల మీద చర్చ వచ్చినా, చట్టాల మీద చర్చ వచ్చినా సభలో లేచి నిలబడుతుంది. కాన్పులు చేసే నర్సుల కొరత గురించి, ఆడవాళ్ళ కేసులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి మూలగడం గురించి ఆవిడ మాట్లాడినవి మా నర్సుల ఫోన్లలో తిరుగుతుండేవి. మన గోడు చెప్పేది ఒకత్తయినా ఉందిరా అని మురిసిపోయేవాళ్ళం.

ఆవిడ నా కట్టు చూసింది. "చెయ్యికేమైందమ్మా?" అంది.

"మెట్ల మీద జారిపడ్డానండి."

"ఈ దవాఖానల మెట్లేడున్నయి? నాకైతే కనపడలే."

నిజమే. మా ఆసుపత్రికి ఒక్క మెట్టు లేదు. స్ట్రెచర్ల కోసం అంతా ఏటవాలుగానే కట్టారు. ఇన్ని రోజులూ ఈ అబద్ధాన్ని డాక్టర్లు, గుమాస్తాలు అందరూ నమ్మినట్టే నటించారు. నాకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఆవిడ తన వెంట వచ్చిన వాళ్ళని బయటికి పంపి తలుపు వేసింది. జరిగిందంతా చెప్పేశాను. మరి కేసెందుకు పెట్టలేదంటే, నీళ్ళ సంగతీ చెప్పాను.

"ఇది సభల అడుగుత. నీ పేరు చెప్ప. ఊరు చెప్ప, దవాఖాన చెప్ప. ఒట్టు," అని నా మంచి చెయ్యి పట్టుకుంది. 

మార్చి నెలాఖర్లో, ఆసుపత్రి సిబ్బంది మీద చెయ్యి చేసుకున్న వాళ్ళకి శిక్ష పెంచే బిల్లు సభకి వచ్చింది. ఆ రోజు నాకు సెలవు. మా ఆయన పక్కనున్న జవళగేర నుంచి ఎరువు బస్తా తెచ్చి అప్పుడే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను ఆవిడతో మాట్లాడినట్టు ఆయనకి తెలియదు.

ఆవిడ కన్నడంలో మాట్లాడింది. బిల్లుకి ఓటేస్తానంది. నర్సుని కొట్టినవాడికి జైలు ఉండాల్సిందే అంది. "కానీ ఈ బిల్లులో జైలు ఉంది, రక్తం లేదు. ఆ ఆసుపత్రిలో రెండు సంచుల రక్తం ఉండుంటే ఆ బాలింత బతికేది, ఆ మామ చెయ్యి లేచేది కాదు. కొట్టినవాణ్ణి పట్టుకోవడానికి చట్టం చేస్తున్నారు, సరే. ఆ పిల్లని చంపిన లోటుకి ఏ సెక్షన్ పెడతారు?" అని అడిగింది. అంతవరకూ నాకు గర్వంగానే ఉంది.

ఎదుటి వరసలోంచి ఒకాయన లేచాడు. ఏ ఆసుపత్రి, ఏ నర్సు, పేరు చెప్పండి, చెప్పలేకపోతే కట్టుకథ అని ఒప్పుకోండి అన్నాడు. పక్కవాళ్ళు బల్లలు చరిచారు. టైమయిందని అధ్యక్షుల వారు గంట కొట్టారు. చెప్పకు తల్లీ, చెప్పకు అని మనసులో దండం పెట్టుకుంటున్నాను.

"పేరు చెప్పను," అంది ఆవిడ. "చెబితే మీరు సాయంత్రానికి ఇళ్ళకి పోతారు. ఆ నర్సు చేలోకి నీళ్ళు వచ్చేది ఆ కొట్టినాయన చేను మీంచి. ఆయన బోదె కట్టేస్తే మీ చట్టం పార పట్టుకుని వచ్చి తీస్తుందా?"

గొప్పగా మాట్లాడిందని తరవాత అందరూ అన్నారు. నాకు మాత్రం ఆ గొప్ప కనపడలేదు. ఢిల్లీలో వాళ్ళకి అదొక ఉదాహరణ. మా క్యాంపులో అది నా పేరు, ఆయన పేరు, సర్వే నంబరుతో సహా చెప్పినట్టే.

మా ఆయన టీవీ కట్టేశాడు. గొంతెత్తి ఎరగని మనిషి. "నీళ్ళ సంగతి ఆవిడకెలా తెలిసిందే?" అన్నాడు మెల్లగా.

"నేనే చెప్పాను."

"చేను పొట్ట మీదుంది, ఇప్పుడు నీళ్ళాగితే గింజ పట్టదు. మతుండే చెప్పావా?"

ఆ సాయంత్రం ఆవిడకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు దులిపేశాను. ఎంపీ అని కూడా చూడలేదు. "పేరు చెప్పలే కదమ్మా," అంది ముందు. "నీళ్ళ మాటతోని మనిషి తెలిసిపోతదని నాకు తోచలే. మాది కొట్టు ఇల్లు. చేను మొఖం చూసినోళ్ళం కాదు," అంది. ఆవిణ్ణి ఏమని తిట్టను? ఆ గొంతులో కూడా భయమే ఉంది.

ఆవిడ మాటల వీడియో రాత్రికల్లా క్యాంపులో ప్రతి ఫోనుకీ చేరింది. మర్నాటి నుంచి నన్ను పలకరించేవాళ్ళు తగ్గారు. బాబాయ్ మాత్రం ఉలుకూ పలుకూ లేడు. తిట్టినా బాగుండును. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. మా ఆయన మాటిమాటికీ చేలోకి వెళ్ళి బోదె చూసి వచ్చేవాడు.

మా నీటి వంతు వచ్చిన రోజు పొద్దున్నే మా ఆయన చేలోకి వెళ్ళాడు. నేను పాలు కాస్తున్నాను. తల తిప్పేసరికి గుమ్మంలో బాబాయ్, భుజం మీద పార. కట్టు విప్పిన చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది.

ఆయన పార గోడకి ఆనించి గుమ్మం బయటే కూర్చున్నాడు. "ఎప్పుడైనా నీళ్ళు ఆపానా అమ్మాయ్?"

"లేదు బాబాయ్."

"మరెందుకన్నావు ఆ మాట?"

"భయమేసింది."

"కొట్టాను. అది నా పాపం, కడుక్కోలేను. నీళ్ళు మాత్రం ఆపేవాణ్ణి కాదు." వచ్చిన పని అప్పుడు చెప్పాడు. "చిన్నకోడలికి ఏడో నెల. నొప్పులొస్తే ఇంత దగ్గర్లో ఉన్నది మీ ఆసుపత్రే. నువ్వు చెయ్యి వెయ్యవని, మనసులో పెట్టుకుంటావని మా ఇంట్లో ఆడాళ్ళు ఏడుస్తున్నారు. అడగడానికి నాకు మొహం లేక ఇన్నాళ్ళూ రాలేదు."

నాకు ఒళ్ళు మండింది. "నన్నేమనుకున్నారు బాబాయ్ మీరు? కాన్పు బల్ల మీద ఉన్న పిల్ల మీద కసి తీర్చుకునేదాన్నా?" అని అరిచాను. అరిచాక, నీళ్ళ విషయంలో నేను ఆయన్ని ఏమనుకున్నానో గుర్తొచ్చి గొంతు తగ్గించాను. తీసుకురండి, నేనుంటాను అన్నాను.

ఆయన లేచి పార తీసుకున్నాడు. కదలకుండా నిలబడ్డాడు. "మీ ఆసుపత్రికి రక్తం వచ్చిందా అమ్మాయ్?"

లేదన్నాను. సభలో మంత్రిగారు పరిశీలిస్తామన్నారని చెప్పాను. ఆయన తలూపి వెళ్ళాడు.

మా చేలోకి నీళ్ళొచ్చాయని మా ఆయన ఫోన్ చేశాడు. విని పెట్టేసి, ఆ చేత్తోనే ఎంపీ గారికి చేశాను. ఈసారి ఒట్టు వేయించుకోలేదు. మా ఆసుపత్రి పేరు సభలో చెప్పమన్నాను. కట్టుకథ అంటే నా పేరు, నా ఊరు చెప్పమన్నాను, ఎవరొచ్చి అడిగినా అవునంటానన్నాను. ధైర్యం వచ్చి కాదు. అంతకంటే పెద్ద భయం పట్టుకుని.

"సభ నిన్ననే అయిపోయె తల్లీ. మల్ల కూడేది వానకాలంలనే," అంది ఆవిడ.

బాబాయ్ చిన్నకోడలికి నెలలు నిండేది వానలకి ముందే, రోహిణి కార్తెలో.