దవాఖాన గదిలో గాలి

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉన్న ఆ ఛాతీ దవాఖాన మీద నాకు నమ్మకం కుదరలేదు. డాక్టరమ్మ మీద కాదు, ఆమె చెయ్యి మంచిదే. నా అనుమానమంతా జనం కూర్చునే గది మీద. మా ఆవిడను నెలకోసారి అక్కడికి తీసుకుపోయేవాణ్ణి. పోయివచ్చిన నాలుగైదు రోజులకు ఆమెకు కొత్త దగ్గు మొదలయ్యేది. మొదటిసారి చన్నీళ్లు పడలేదనుకున్నాను. రెండోసారి ఎండ అనుకున్నాను. మూడోసారి నాలోని కండక్టరు లేచి కూర్చున్నాడు.

ముప్పై రెండేళ్లు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. బడిలో చదివింది అయిదో తరగతి. మిగతాదంతా పాత పుస్తకాల దుకాణంలో కొనుక్కున్న పదో తరగతి సామాన్య శాస్త్రమే నేర్పింది. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య దొరికిన పావుగంటలో చదివేవాణ్ణి. కానీ గాలి సంగతి నాకు పుస్తకం చెప్పలేదు, వానాకాలం బస్సు చెప్పింది. చినుకు పడితే చాలు, జనం అద్దాలన్నీ మూసేవాళ్లు. హయత్‌నగర్‌లో ఎక్కినవాడు కోఠిలో దిగేలోపు అద్దం మీద వేలితో పేరు రాసుకోవచ్చు. ఆ ఆవిరి ఎవరిది? బస్సులో ఉన్న అందరి ఊపిరిదీ. వాన పట్టిన వారానికి డిపోలో సగం మంది కండక్టర్లం దగ్గేవాళ్లం. డ్రైవర్లు మాత్రం నిక్షేపంగా ఉండేవాళ్లు. తడవడం వల్లే జలుబు అని పెద్ద చదువుల డిపో మేనేజరు ఒకాయన నాకు పాఠం చెప్పాడు. అయ్యా, తడిసేది డ్రైవరే గదా, జల్లు కొట్టేది ఆయన కిటికీలోంచే గదా అన్నాను. నీకెందుకయ్యా ఈ పరిశోధనలు, టికెట్లు చూసుకో అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ మాట నేను మరిచిపోలేదు.

కరోనా రెండో విడతలో మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి వచ్చింది గానీ ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలాయి. మన్సూరాబాద్‌లో మా ఇంటి మేడ మీదికి ఎక్కాలన్నా మధ్యలో ఆగి గోడ పట్టుకుంటుంది. ఒకరోజు ఆమెను లోపల కూర్చోబెట్టి, డాక్టరమ్మ నన్ను గుమ్మం దగ్గరికి పిలిచింది. ఆమెది కోస్తా మాట.

"మళ్ళీ ఒక్కసారి నిమోనియా వస్తే ఆవిడ తట్టుకోలేరు బాబాయ్ గారూ. రాకుండా చూసుకోవడమే ఇప్పుడు మన చేతిలో ఉన్న మందు" అంది.

ఆ రోజు నుంచి దగ్గినవాడల్లా నాకు దొంగలా కనపడ్డాడు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే ముందుగా పెట్టెలో ఎవరి ముక్కు ఎర్రగా ఉందో చూసుకునేవాణ్ణి. నల్లగొండ నుంచి చుట్టాలు వస్తే గేటు దగ్గరే నిలబెట్టి ఒంట్లో ఎట్లుందని అడిగేవాణ్ణి. ఎవరినడిగినా ఒకటే జవాబు: దుమ్ము. ముక్కు కారుతున్నా దుమ్మే, గొంతు పోయినా దుమ్మే. ఇంత పెద్ద నగరంలో జలుబు చేసినవాడు ఒక్కడూ లేడు చూడండి, అందరికీ దుమ్ము పడదంతే. మా బామ్మర్ది అలాగే దుమ్మని చెప్పి లోపలికొచ్చి, అన్నం తిని, మూడుసార్లు తుమ్మి పోయాడు. తర్వాత ఆర్నెల్లు అతను నాతో మాట్లాడలేదు. నేనన్న మాటలు అట్లాంటివి.

ఇంతమందిని అనుమానించినవాణ్ణి, దవాఖానను ఎట్లా వదిలిపెడతాను?

ఆ గదికి ఒకటే కిటికీ. దాని బయట పై అంతస్తులోని కోచింగ్ సెంటరు వాళ్ల ఫ్లెక్సీ, ర్యాంకులొచ్చిన పిల్లల ముఖాలతో. కిటికీ తెరిస్తే ఎవరో పిల్లవాడి చెవి వెనక భాగం కనపడుతుంది తప్ప చిటికెడు గాలి రాదు. ఏసీ నడుస్తుందని తలుపు మూసి ఉంచుతారు. ఇరవై మంది కుర్చీల్లో, ఇంకో పదిమంది నిలబడి. ఎందుకొచ్చారు వీళ్లంతా? దగ్గుకే గదా. పెళ్లి చూపులకు కాదు గదా. నేను లేచి తలుపు తెరిచేవాణ్ణి. చౌటుప్పల్ దిక్కు నుంచి వచ్చే ఒక ముసలామె ప్రతిసారీ లేచి మూసేది. దగ్గేటోళ్లకు గాలి తగలొద్దు కొడుకా అనేది. మా వైపు మాట అది. జ్వరమొస్తే గాలి తగిలిందంటారు, దడుచుకుంటే గాలి సోకిందంటారు, చంటిపిల్ల ఏడిస్తే గాలి పట్టిందంటారు. పాపమంతా గాలి మీదికే. మూసిన గదిలో మనుషుల నోళ్లలోంచి వచ్చేదాన్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు. అది ఇంట్లో మనిషి లెక్క.

టోకెన్లు ఇచ్చే కాంపౌండర్ యాభై ఏళ్లవాడు, హయత్‌నగర్ మనిషి. మాస్కు గడ్డం కింద పెట్టుకునేవాడు. గడ్డానికేమన్న జ్వరమా అని అడిగితే నవ్వి పైకి లాక్కుని, నేను తల తిప్పగానే దించేవాడు. గాలి గురించి గొణిగితే మూలనున్న తెల్లటి యంత్రాన్ని చూపించేవాడు. గాలిని కడిగే మిషనట, తెచ్చి ఏడు నెలలైందట. నిలువెత్తు డబ్బా, ముందు నీలం దీపం, దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా దాని నుదుట ఉంది. గుర్రుమని చప్పుడు చేసేది. జనం దాని దగ్గరి కుర్చీల కోసం పోటీపడేవాళ్లు. మా ఆవిడను నేనూ అక్కడే కూర్చోబెట్టేవాణ్ణి, అనుమానపడుతూనే.

మూడో దగ్గు తగ్గాక పోయిన రోజు, మా ఆవిడ మెట్ల దగ్గరే ఆగింది.

"నేను రానయ్యా. వచ్చినప్పుడల్లా ఇంకో రోగం అంటుకుంటుంది. ఇంటికాడనే ఉంట, ఏదైతే అదైతది" అంది.

ఆమె మొండిది కాదు. అలసిపోయి అన్న మాట. మందు మోతాదు మార్చాల్సిన నెల అది, చూపించకపోతే కుదరదు. ఈ ఒక్కసారికి రమ్మని బతిమాలి పైకి తెచ్చాను. కానీ కూర్చోలేకపోయాను. నా చేతిలో టోకెన్ చీటీ ఉంది, పలచని కాగితం. దాన్ని తీసుకుపోయి యంత్రం వెనకవైపు, గాలి లాక్కునే చిల్లుల మీద పెట్టాను. గాలి లాగితే కాగితం అంటుకోవాలి. అంటుకోలేదు. చేతిలోంచి జారి కింద పడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పడింది. గదిలో వాళ్లంతా నన్నే చూస్తున్నారు. ముసలామె, మిషన్‌కు టోకెన్ చూపెడుతున్నడు చూడుండ్రి అంది. నవ్వారు.

వెనక మూత పీకాను. కాంపౌండర్ పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే చూశాను. లోపల మందపాటి వడపోత ఉంది, కొత్తది, మల్లెపువ్వులా తెల్లగా. కంపెనీ వాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కవరు దానికి అట్లాగే ఉంది.

"ఏందయ్యా ఇది?" అన్నాను.

"కొత్తది గద పెద్దాయనా. దుమ్ము పడి ఖరాబైతదని నేనే కవర్ తియ్యలే."

"దుమ్ము పట్టనీకే గదా దాన్ని తెచ్చింది?"

అతన్ని తిట్టాలని నోరు తెరిచాను గానీ ఎట్లా తిట్టను? మా ఇంట్లో టీవీ రిమోటుకు కవరు, ఫ్రిజ్ తలుపుకు కవరు. మా కాలనీలో కొత్త కారు సీట్ల మీద కవర్లు చిరిగి చిరిగి రాలిపోవాల్సిందే తప్ప ఎవరూ తియ్యరు. కొన్నదాన్ని వాడితే పాడవుతుందని భయం మాకు. అతను దొంగ కాదు. జాగ్రత్త మనిషి. జాగ్రత్తగా ఏడు నెలలు ముప్పై మందికి ఒకరి ఊపిరి ఒకరికి పంచాడు.

చప్పుడు విని డాక్టరమ్మ బయటికొచ్చింది. చూసింది. తన చేత్తోనే కవరు చింపి, వడపోత పెట్టి, తలుపు బార్లా తెరిపించింది. ఈ యంత్రం ఒక్కటే చాలదనీ, ఫ్లెక్సీ తీయించమని బిల్డింగు ఓనరును ఎన్నిసార్లు అడిగినా ర్యాంకుల సీజన్ అయిపోనివ్వమంటాడనీ చెప్పింది. ర్యాంకులకు సీజన్ ఎప్పుడైపోయింది ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో? నేను గెలిచానని రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. అప్పుడు ఆమె చూపు మా ఆవిడ మాస్కు మీద పడింది.

"పెద్దమ్మగారూ, ఈ మాస్కు ఎప్పటిదండీ?"

మా ఆవిడ గర్వంగా చెప్పింది. "మీరు రాసిచ్చిందేనమ్మా. గీయన రోజూ ఉతుకుతడు. సర్ఫ్ నీళ్లల్ల నానబెట్టి ఎండల ఆరేస్తడు. ఏడాదిన్నరైంది, ఒక్క దారం ఊడలే."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఉతకకూడదు బాబాయ్ గారూ. ఇది ఉత్త జల్లెడ కాదు. లోపలి పొరకు సన్నటి తుంపరలను లాక్కునే గుణం ఒకటి ఉంటుంది. సబ్బునీళ్లలో పడితే అది పోతుంది."

"దువ్వెన తలకు రుద్దితే కాగితం ముక్కలను లాక్కున్నట్టా?"

"అచ్చం అదే."

సామాన్య శాస్త్రంలో ఉన్నదే. బొమ్మతో సహా. నేను చదివిందే.

కొత్త మాస్కులు అమ్ముకోవడానికి ఈ మాటంటున్నారేమోనని అప్పుడు కూడా అనుమానం వచ్చింది, దాచుకోవడం దేనికి. ఇంటికొచ్చాక మా ఆవిడను మాస్కు పెట్టుకోమని, ముక్కు పక్కన అరచేయి పెట్టి ఊపిరి వదలమన్నాను. వెచ్చగా తగిలింది నా చేతికి. అంచులు రెండువైపులా సడలి ఉన్నాయి. ఆ గదిలో కూర్చున్నప్పుడల్లా ఆమె కళ్లద్దాలు మసకబారి కొంగుతో తుడుచుకునేది. ఏసీ వల్ల అనుకున్నాను నేను. బస్సు అద్దం మీద ఆవిరి చూసి లోకానికి పాఠం చెప్పినవాణ్ణి, పక్కన కూర్చున్న మనిషి కళ్లద్దాల మీద అది కనపడితే గుర్తుపట్టలేదు. ఊపిరి బయటికి పోయే సందు ఉంటే, ఊరందరి ఊపిరీ లోపలికి వచ్చే సందు కూడా అదే గదా.

పెరట్లో తీగ మీద ఇంకో మూడు మాస్కులు ఆరుతున్నాయి, క్లిప్పులు పెట్టి, వరసగా. తీసేశాను.

ఆమె వచ్చి ఖాళీ తీగ మీది క్లిప్పులు ఏరి డబ్బాలో వేసింది. తిడితే బాగుండేది. రెండు రోజుల తర్వాత అన్నం పెడుతూ, "ఉతికినవని నాకు ధైర్యముండెనయ్యా" అంది. అంతే.

తర్వాతి నెల పోయినప్పుడు ఆమె లోపల కూర్చోలేదు. మెట్ల మలుపులో ఇనుప జాలీ ఉంది, బయటి గాలి నేరుగా వస్తుంది, హారన్ల మోతతో సహా. కాంపౌండర్ అక్కడ రెండు కుర్చీలు వేసి, నంబరు వచ్చినప్పుడు కేకేసి పిలుస్తానన్నాడు. కొత్త మాస్కు, ముక్కు మీద తీగ గట్టిగా నొక్కి పెట్టాను. కళ్లద్దాలు తుడుచుకోలేదు ఆమె. చౌటుప్పల్ ముసలామె వచ్చి, గాలికి కూర్చున్నవేందమ్మా, సచ్చిపోతవు అంది. లోపల కూర్చుంటనే సచ్చేటట్టున్న అవ్వా, ఇటు రా అని మా ఆవిడ పక్క కుర్చీ చూపించింది. ముసలామె కాసేపు ఆలోచించి, తల చుట్టూ కొంగు బిగించుకుని కూర్చుంది.

ఆ నెల కొత్త దగ్గు రాలేదు. పై నెలా రాలేదు. నేను నమ్మలేదు. వారం దాటాక వస్తుందేమోనని పది రోజులు చూశాను, పది దాటాక పదిహేను. మూడో నెల డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, కొత్తగా ఏమీ లేదు, ఊపిరి నిలకడగా ఉందంది. కాంపౌండర్ మా ఆవిడ వేలికి క్లిప్పు మిషన్ తగిలించి ఆక్సిజన్ అంకె చదివాడు. మంచి అంకె. ఇంకో వేలికి పెట్టమన్నాను. పెట్టాడు. నా వేలికి పెట్టమన్నాను.

"నీకేమైందయ్యా?" అంది మా ఆవిడ.

"నాకేం కాలేదు. మిషన్ సక్కగుందో లేదో చూద్దామని."

మిషన్ సక్కగానే ఉంది. ఆమె నవ్వుతూ లేచి, గోడ పట్టుకోకుండా మెట్లు దిగసాగింది. నేను మాత్రం మలుపులో ఆగి, పైన తలుపు మళ్ళీ మూశారేమోనని ఒకసారి తొంగి చూశాను.