దొరల ఆవుల మేత

రాయదుర్గం నూనె మిల్లులో చెక్క పరీక్ష చేసే మేస్త్రీ తిప్పన్న. నూనె పిండగా మిగిలిన వేరుశనగ చెక్కంతా మద్రాసు రేవులో ఓడెక్కి ఇంగ్లండుకు పోతుంది. తిప్పన్న ప్రతి బస్తాలోంచీ ఒక ముక్క తీసి, వాసన చూసి, పంటితో కొరికి, గోడకేసి ఉమ్ముతాడు. ఆ గోడ మీద ఉమ్మి నడుమెత్తు దాకా పచ్చగా పేరుకుపోయి, ఈగలతో కదులుతుంటుంది. వానలు లేని ఆ ఏడాది, సంచులు కుట్టే చౌడమ్మ బుగ్గలో చెక్క ముక్క దాచుకోవడం అతని కంటబడింది. దవడలు నొక్కి నోరు తెరిపించి, వేలు పెట్టి దాన్ని బయటికి లాగాడు.

"ఇది దొరల ఆవులకు పోయేదమ్మా," అన్నాడు.

"సంగటి మొగం చూసి శానా దినాలాయ. మేం మనుషులం కాదా అన్నా?"

"అయితే ఏమి? ఒప్పందం ఆవుల మేతకు రాసుకుండారు. నీ కడుపుకు కాదు."

అతని గొంతులో కోపం కూడా లేదు. తడిసిన ముక్కను తిరిగి బస్తాలోనే వేసి, దాని మూతి ఆమె చేతనే కుట్టించాడు. చౌడమ్మ తల ఎత్తకుండా కుట్టింది. తర్వాత తిప్పన్న తొట్టి దగ్గరికి వెళ్లి, ఆ వేలిని ఇసుకతో రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ఒకరి ఎంగిలంటే అతనికి చెడ్డ అసహ్యం.