పక్కింట్లో చిక్కుకుపోయిన మేనమామ

ఆ రోజుల్లో చేతిలో విమానం టికెట్ ఉంటే ఊరు చేరిపోయినట్టే లెక్క. గోదావరికి వరదొస్తే బస్సులు ఆగిపోవడం, పట్టాలు తెగితే రైళ్ళు ఆగిపోవడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణే. కానీ విమానాన్ని ఆపగల శక్తి ఈ భూమ్మీద ఒకటుందనీ, అది కూడా మనం అంట్లు తోముకునే బూడిదలాంటి పదార్థమేననీ నాకు ఇరవయ్యారేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఐస్‌లాండ్‌లో ఎక్కడో కొండ పేలింది. ఆ బూడిద గాలికి కొట్టుకొచ్చి ఇంగ్లండ్ నెత్తిన కూర్చుంది. వారం రోజులపాటు ఒక్క విమానం లేదు. ప్రపంచంలో ఎందరో ఎక్కడెక్కడో చిక్కుకుపోయారు. పరాయి దేశాల్లో, హోటళ్ళలో, ఎయిర్‌పోర్ట్ బెంచీల మీద. నేను మాత్రం మా పక్కింట్లో చిక్కుకుపోయాను.

అప్పుడు మేం నలుగురం కుర్రాళ్ళం లండన్ పక్కన స్లౌలో, గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన టెర్రస్ ఇళ్ళలో ఒకటి అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం. అందరివీ అక్కడ ట్రేడింగ్ ఎస్టేట్ అనే ఆఫీసుల పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. మాది రాజమండ్రి. మా అక్కకీ నాకూ పదహారేళ్ళు తేడా. (నేను పుట్టినందుకు అక్క ఏడాదిపాటు ఫ్రెండ్స్‌కి మొహం చూపించలేదట.) నాకు నాలుగేళ్ళు వచ్చేసరికి అక్కకి కూతురు పుట్టింది. దాన్ని పొట్టి అని పిలుస్తాం. పేరుకి మేనకోడలు గానీ ఇద్దరం ఒకే కంచంలో తిని, ఒకే సైకిల్ మీంచి పడి పెరిగినవాళ్ళం. ఆ పొట్టికి పెళ్ళి కుదిరింది. మా వైపు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామే మండపంలోకి మోసుకురావాలి. పొట్టికి సొంత మేనమామని నేనొక్కణ్ణే. "మావయ్యా, గంప నువ్వే ఎత్తాలి. జిమ్‌కి వెళ్ళు, నేను లావయ్యాను" అని అది మూడు నెలల ముందే ఆర్డర్ వేసింది. వెళ్ళాను కూడా.

పెళ్ళి మంగళవారం రాత్రి. నా విమానం అంతకు ముందు గురువారం. అంటే నాలుగు రోజుల వెసులుబాటు. అంతా బాగానే ఉందనుకుంటుండగా అమ్మ ఫోన్. "గురువారం దక్షిణానికి శూల రా. ఆ రోజు బయల్దేరకూడదు" అంది. ఇంగ్లండ్ నుంచి ఇండియా తూర్పుకి కదా అన్నాను. "మ్యాపులో రాజమండ్రి లండన్‌కి కిందే కదరా ఉంది! కింద అంటే దక్షిణం కాదూ?" అంది. భూగోళశాస్త్రంలో అమ్మతో గెలిచినవాడు మా వంశంలో లేడు. టికెట్ మార్చడం కుదరదన్నాను. అయితే ప్రస్థానం పెట్టమంది. అంటే మంచి ముహూర్తం చూసి, మనకి బదులుగా మన సంచి ఒకటి పొరుగింట్లో పెట్టాలి. అక్కడితో మనం బయల్దేరినట్టే లెక్క. తర్వాత మనం ఏ శూల రోజున కదిలినా ఫర్వాలేదు, దారిలో ఆ సంచి తీసుకుని వెళ్ళిపోవడమే. సిద్ధాంతిగారు ప్రయాణానికి రెండు రోజుల ముందు, మంగళవారం ఉదయం తొమ్మిది నలభైకి ముహూర్తం పెట్టారు. రాజమండ్రి తొమ్మిది నలభై అంటే స్లౌలో అయిదూ పది, కోడికి కూడా మెలకువ రాని వేళ.

మా పక్కింట్లో డెబ్బై ఏళ్ళ ఇంగ్లీషు ఆవిడ ఒక్కతే ఉండేది. ఏదో స్కూల్లో పిల్లలకి భోజనం వడ్డించే ఉద్యోగం చేసి రిటైరయింది. మంచి జరిగినా చెడు జరిగినా ముందు కెటిల్ ఆన్ చేసేది కాబట్టి మేం కెటిల్ ఆంటీ అనేవాళ్ళం. సోమవారమే వెళ్ళి విషయం చెప్పాను. చాలా శ్రద్ధగా విని, "సంచిలో ఏముంటుంది?" అని ఒక్కటే అడిగింది. పంచె, ఉత్తరీయం, పాస్‌పోర్ట్ అని చెప్పాను. (ప్రయాణానికి అన్నిటికన్నా ముఖ్యమైనది అందులో ఉండాలని అమ్మ ఆజ్ఞ.) మర్నాడు తెల్లవారుజామున చలిలో వణుక్కుంటూ తలుపు కొడితే, డ్రెసింగ్ గౌనులో నిలబడి, చేతి గడియారం చూసి, "ఇంకా రెండు నిమిషాలుంది డియర్" అని నన్ను గుమ్మం బయటే నిలబెట్టింది. సరిగ్గా అయిదూ పదికి సంచి అందుకుని, అల్మరాలో పెట్టి తాళం వేసింది. మా అమ్మ అక్కడుంటే ఆవిడకి చీర పెట్టేది.

గురువారం పెట్టెతో ఇంట్లోంచి బయటపడి, సంచి తీసుకుని, హీత్రో వెళ్ళాను. బోర్డు మీద ఒకదాని కింద ఒకటి అన్నీ రద్దు. ఎప్పుడు ఎగురుతాయో ఎవరికీ తెలియదట. రెండు గంటలు అక్కడే తిరిగి, టాక్సీలో వెనక్కొస్తూ అమ్మకి ఫోన్ చేశాను. విమానాలు ఆగిపోయాయన్నందుకు అమ్మ కంగారు పడలేదు. "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావిప్పుడు?" అంది. ఇంటికి అన్నాను. అటువైపు పెద్ద కేక. "ఒరేయ్, బయల్దేరినవాడివి వెనక్కొచ్చి మళ్ళీ గుమ్మం తొక్కుతావా? ఇక ఆ ప్రయాణం జరిగినట్టే! పొట్టి పెళ్ళికి రావాలనుందా లేదా నీకు? సంచి పెట్టిన ఇంట్లోనే ఉండు, అది దారి కిందే లెక్క!"

నేను చదువుకున్నవాణ్ణి. ఇంజనీర్ని. బూడిదకీ మా గుమ్మానికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. కానీ పొట్టి గంప పక్కన నేను లేని పెళ్ళి కళ్ళముందు కనిపించేసరికి, ఎందుకొచ్చిన గొడవ, ఎందుకైనా మంచిది అనిపించింది. (మన జాతి మొత్తం ఈ 'ఎందుకైనా మంచిది' మీదే నడుస్తోంది.) వెళ్ళి కెటిల్ ఆంటీ తలుపు కొట్టాను. "నువ్వు వెళ్ళిపోయావుగా?" అంది. వెళ్ళిపోయాననే చెప్పాను. "మరి ఇక్కడున్నావే?" "దారిలో ఉన్నాను." ఆవిడ నన్నూ, నా పెట్టెనీ, మూడడుగుల అవతలున్న మా తలుపునీ చూసి, "ఇండియా వెళ్ళే దారిలో మా ఇల్లుందా?" అంది. మా అమ్మ లెక్కలో ఉందన్నాను. ఆవిడ తలుపు బార్లా తీసి, వెళ్ళి కెటిల్ ఆన్ చేసింది.

అలా మొదలైంది నా ప్రవాసం. రెండు ఇళ్ళకీ గోడ ఒకటే. ఆ గోడకి అవతల నా గది, నా మంచం, నా దుప్పటి. ఇవతల ముందు గదిలో పూల సోఫా మీద కాళ్ళు ముడుచుకుని నేను. పొద్దున్నే మావాళ్ళు తాలింపు వేసుకుంటుంటే ఆ వాసన గోడ దాటి వచ్చేది. నేను ఆంటీ పెట్టిన టోస్టూ బీన్సూ తింటూ ఆ వాసన నంజుకునేవాణ్ణి. మా రూమ్మేట్ ఒకడు కర్నూలు వాడు. వాడు వెనక పెరట్లో కంచె మీంచి పులిహోర డబ్బా అందిస్తూ, "ఏందబ్బా, మన ఇంటికి రానీకి నీకు వీసా ఈలేదా?" అనేవాడు. శుక్రవారం మేనేజర్ ఫోన్ చేసి, ఎలాగూ ఇక్కడే ఉన్నావు కాబట్టి ఇంటి నుంచి పని చేస్తావా అన్నాడు. ఇంట్లో లేనన్నాను. మరెక్కడున్నావంటే పక్కింట్లో అన్నాను. రెస్ట్ తీసుకో అన్నాడు.

ఆంటీ మాత్రం నా పెళ్ళి ప్రయాణాన్ని సొంత పనిలా నెత్తికెత్తుకుంది. పొద్దున తొమ్మిదింటికి ఎయిర్‌లైన్ నంబరుకి డయల్ చేసి, ఫోను స్పీకర్లో పెట్టి, పక్కన అల్లికలు పెట్టుకుని కూర్చునేది. లైను ఖాళీ లేదంటూ మూడేసి గంటలు అదే సంగీతం. రెండో రోజుకి ఆవిడ ఆ పాట వంటింట్లో కూడా పాడుకోవడం మొదలుపెట్టింది. నేను పొరపాటున చెత్త డబ్బా బయట పెట్టడానికి వెళ్ళి మా గుమ్మం వైపు ఒక అడుగు వేస్తే చాలు, కిటికీలోంచి వేలు చూపించి బెదిరించేది. నియమం నా కన్నా ఆవిడకే బాగా ఒంటబట్టింది.

శనివారం అమ్మ ఫోన్లో ఇంకో చిక్కు. ప్రస్థానానికి గడువుంటుందట. మహారాజులకి పది రోజులు, సామంతులకి ఏడు, మామూలు మనుషులకి అయిదు. మంగళవారం పెట్టిన సంచికి శనివారంతో ఆఖరు. ఇప్పుడెలా అన్నాను. "నేను సిద్ధాంతిగారితో మాట్లాడానులే" అంది అమ్మ. "మావాడి కింద నలుగురు పనిచేస్తున్నారండీ, టీమ్ లీడ్ అని చెప్పాను. అయితే సామంతుడి కిందే వేద్దామన్నారు. ఏడు రోజులు." మూడేళ్ళుగా ఆఫీసులో అడుగుతున్నా రాని ప్రమోషన్ అలా వచ్చింది. ఆంటీకి చెబితే, ఆ సాయంత్రం నా టీ బంగారు అంచున్న కప్పులో ఇచ్చింది.

ఆదివారం గడిచింది. సోమవారం మధ్యాహ్నం ఫోన్లో సంగీతం ఆగి, మనిషి గొంతు వినిపించింది. ఆంటీ అల్లికలు పక్కన పడేసి, అన్నీ కాగితం మీద రాసుకుని, రెండుసార్లు గట్టిగా అడిగి, ఫోను పెట్టేసింది. నా వైపు చూడకుండా ఆ కాగితం అందించింది. విమానాలు మొదలైనా నాకు దొరికే మొదటి సీటు వచ్చే శనివారం. పెళ్ళి రేపు. ఆవిడ కెటిల్ ఆన్ చెయ్యడం కూడా మర్చిపోయింది.

పొట్టికి నేనే ఫోన్ చేశాను. అప్పుడే పెళ్ళికూతుర్ని చేశారట, వెనక అంతా గోల. చెప్పాను. అది పోట్లాడుతుందనీ, తిడుతుందనీ సిద్ధమై ఉన్నాను. "సరే మావయ్యా" అని పెట్టేసింది. పుట్టినప్పటి నుంచీ అది నాతో అంత మర్యాదగా మాట్లాడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ మోగింది. ఆంటీ అంతకు గంట ముందే నీలం రంగు గౌను వేసుకుని, తలమీద ఈకలున్న టోపీ పెట్టుకుని వచ్చి కూర్చుంది. (వాళ్ళకి పెళ్ళంటే టోపీ ఉండాలి.) తెరమీద పొట్టి మొహం. బాసికం, బుగ్గ చుక్క, ఎర్రబడ్డ ముక్కు. "మావయ్యా, ఇంటర్నెట్ డాంగిల్ పెట్టాను, కదలకు" అంది. నేనెక్కడికి కదులుతాను? తర్వాత తెరమీద చాలాసేపు పైకప్పే కనిపించింది. పురోహితుడిగారి గొంతు వినపడుతోంది. "మేనమామ ఎవరమ్మా? రమ్మనండి, టైమవుతోంది."

"ఇదిగోనండి, ఒళ్ళో ఉన్నాడు" అంది పొట్టి.

"ఒళ్ళోనా? మేనమామ గంప మొయ్యాలి గానీ గంపెక్కకూడదు తల్లీ!"

"విమానం దొరక్క గంపెక్కాడండి. ఉండనివ్వండి."

హాలంతా నవ్వులు. గంప లేచింది. ఎత్తినవాడు మా పెదనాన్నగారబ్బాయి, తుని అన్నయ్య. వరసకి వాడూ మేనమామే. వాడి ఆయాసం నాకు చెవిలో ఊదినట్టు వినిపిస్తోంది. పొట్టి చేతిలోని కొబ్బరిబోండం దాని ఒళ్ళో ల్యాప్‌టాప్ కీబోర్డుకి ఆనినప్పుడల్లా నా గొంతు ఆగిపోతోంది. ఒక ఫ్యాను, ఒక పూలదండ, గంప అంచు, మళ్ళీ ఫ్యాను. వెనక నుంచి అమ్మ, "తలొంచుకోరా, ద్వారం తగుల్తుంది!" అని అరిచింది. అది తుని అన్నయ్యకి చెప్పిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం స్లౌలో పూల సోఫా మీద కూర్చున్న నేను నిజంగానే తలొంచుకున్నాను. పక్కన ఆంటీ కూడా టోపీ పట్టుకుని వంగింది. గంప దిగింది. పొట్టి ల్యాప్‌టాప్ మూత దించబోతూ, "వచ్చేశావుగా మావయ్యా, చాలు" అంది. ఆంటీకి తెలుగు ముక్క రాదు. అయినా నాకు ముందే కర్చీఫ్ అందించింది. మా ఇంట్లోనే ఉండి ఉంటే, మావాళ్ళంతా ఆఫీసులకి పోయిన ఆ మధ్యాహ్నం నేను ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చేవాణ్ణి.

ఆ సాయంత్రం మూడడుగులు నడిచి మా గుమ్మం తొక్కాను. ఏమీ జరగలేదు. కర్నూలు వాడు అన్నం పెట్టాడు. ఆ రాత్రికే విమానాలు ఎగరడం మొదలుపెట్టాయి. మా అమ్మ దాన్ని కూడా తన లెక్కలోనే కలుపుకుంది.

ఇప్పుడు నాకు జుట్టు పల్చబడింది, నడుం నొప్పికి బెల్టు వచ్చింది. కెటిల్ ఆంటీ లేదు. ఏడాదికి రెండుసార్లు ఇండియా వెళ్ళొస్తున్నాను. మొన్న వెళ్ళినప్పుడు పొట్టి ఇంట్లో భోంచేశాను. ఇద్దరు పిల్లల తల్లి. వంటింటి గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకు నిలబడి, "ఏం మావయ్యా, ఇప్పుడు ఎత్తుతావా?" అంది. నేను దాన్ని పైనుంచి కిందికి చూశాను. అది నా నడుం బెల్టు వైపు చూసింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతుండగానే నాకు ఆ మంగళవారం మధ్యాహ్నం పొట్టిని ఎత్తడానికి సిద్ధంగా ఉన్న ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. మూడు నెలలు జిమ్‌కి వెళ్ళి పెంచిన కండలతో, చేతుల్లో ఏ బరువూ లేకుండా, పూల సోఫా మీద తల వంచుకుని కూర్చున్నాడు పాపం.