మిషను పలక మీద పదివేల అడుగులు

మెడలో కొలతల టేపు లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూసి ఎరగరు, అందుకే వీధి వీధంతా టేపక్క అంటుంది. ఇరవై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కి బతుకుతున్న మనిషి. రొమ్ము క్యాన్సరుకి ఆపరేషను, మందులు, రేడియేషను కరెంటు అన్నీ అయ్యాక ఆస్పత్రివాళ్లు ఫోన్లో ఓ యాప్ పెట్టి పంపించారు. ఇకనుంచి మీ మంచిచెడ్డలు ఇదే చూసుకుంటుందన్నారు. అంటే తాము ఇక చూడబోమని చెప్పడమన్నమాట.

పొద్దున్నే అది "శుభోదయం, యోధురాలా!" అంటుంది. యోధురాలట! ఏ యుద్ధానికి ముచ్చటపడి బయల్దేరిందో ఈవిడ! నవ్వు మొహం, ఏడుపు మొహం చూపించి ఏదో ఒకటి నొక్కమంటుంది. ఎన్ని గ్లాసుల నీళ్లు తాగావంటుంది. రోజంతా కాళ్లు పడిపోయేలా మిషను తొక్కితే, సాయంత్రానికి "ఈరోజు మీరు కదలనే లేదు" అని ఎర్రగీత పెడుతుంది. ఆ గీత కూతురి ఫోన్లో కూడా పడుతుంది.

"అమ్మా, మళ్లీ కూర్చునే ఉన్నావా?"

"కూర్చోక, నిలబడి కుట్టమంటావా?"

వారం రోజులు ఇదే గోల. ఎనిమిదో రోజు టేపక్కకి ఒళ్లు మండింది. ఫోన్ని గుడ్డపీలికతో మిషను కింద కాళ్లతో తొక్కే పలకకి కట్టేసి తొక్కింది. మధ్యాహ్నానికే పదివేల అడుగులు! బంగారు పతకం వచ్చింది, తెరనిండా రంగుకాగితాలు ఎగిరాయి, "మీరే మాకు స్ఫూర్తి" అని రాసి మరీ పొగిడింది.

"నీ మొహం" అంది టేపక్క. ఆ రోజునుంచి ఫోను పలకమీదే ఉండిపోయింది.

ఈలోగా ఆపరేషనైన వైపు, కుడిచెయ్యి బరువెక్కసాగింది. పూటకి పది చొక్కాలు కత్తిరించే చెయ్యి, రెండు చొక్కాలకే బిగుసుకుపోతోంది. జాకెట్టు చెయ్యి పట్టక రెండుసార్లు కుట్టు విప్పి వదులు చేసుకుంది. యాప్‌లో చేతి సంగతి ఎక్కడుందా అని వెతికింది. లేదు. నీళ్లు, అడుగులు, మొహాలు, అంతే. ఆవిడకి భయమేసింది. ఆ చెయ్యి పోతే కత్తెర పోతుంది, కత్తెర పోయాక తనలో తనకంటూ ఏం మిగులుతుంది?

అందుకని తనకొచ్చిన పని చేసింది. ప్రతి ఆదివారం మోచేతికి నాలుగు వేళ్ల పైన రెండు చేతులూ కొలిచి, బల్ల అంచున సుద్దముక్కతో రాసుకుంది.

మూడు నెలల పరీక్షకి వెళ్తే నర్సు కంప్యూటర్లోంచి తల ఎత్తలేదు.

"వారెవ్వా, రోజూ పదివేలు! అంతా పచ్చగా ఉంది. డాక్టరుగారిని కలవక్కర్లేదు, ఆర్నెల్లకి రండి."

టేపక్క వేళాకోళమే ఆవిడ కొంపమీదికి తెచ్చింది.

"ఆ అడుగులు నావి కావమ్మా, మిషనువి. నా చెయ్యి చూడండి."

"మరి వాపని యాప్‌లో పెట్టలేదేం?"

"అది అడిగితేగా!"

నర్సు సొరుగులన్నీ లాగింది. అంత పెద్ద ఆస్పత్రిలో ఆ గదిలో కొలిచే టేపు లేదు. టేపక్క మెడలోది తీసి రెండు చేతులూ కొలిచింది.

"రాసుకోండి. ఎడమది పదకొండు అంగుళాలు. కుడిది నెల కిందట పదకొండుంబావు, ఇవాళ పన్నెండున్నర."

నర్సు అప్పుడు ఆ చెయ్యికేసి చూసి, లోపలికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. సమయానికే వచ్చావన్నాడు డాక్టరు. కట్టు కట్టించి, చేతికి వ్యాయామాలు నేర్పించాడు.

"కత్తెర పట్టొచ్చా?" అని అడిగింది ఆవిడ.

"పట్టొచ్చు. మధ్యమధ్యలో ఆపుతూ."

ఆవిడ కళ్లు తుడుచుకుని బయటికొచ్చింది. బెంచీమీద తలలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు నలుగురు, ఫోన్లలో మొహాలు నొక్కుతున్నారు. టేపక్క వెనక్కి తిరిగి లోపలికెళ్లి, మెడలో టేపు తీసి నర్సు మెడలో వేసింది.

"ఇంట్లో నాకింకోటుంది. వాళ్ల చేతులు కొలవండి."